ట్రైలర్ కట్టి ఘాట్ ఎక్కుతుంటే గేర్‌బాక్స్ కాగుతోందా? ముందు వేడెక్కింది ఎవరో తేల్చుకోండి

ఆరిజోనాలో ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్లే ఐ-17 హైవే మీద బ్లాక్ కాన్యన్ సిటీ దాటగానే రోడ్డు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఫీనిక్స్ సుమారు 1,100 అడుగుల ఎత్తులో ఉంటుంది, ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 6,900 అడుగులు. మధ్యలో సన్‌సెట్ పాయింట్ దాకా ఒక ఘాట్, క్యాంప్ వెర్డే దాటాక ఇంకొకటి. వేసవిలో ఎడారి ఎండ తప్పించుకోవడానికి ట్రైలర్ కట్టుకుని పైకి పోయే బళ్లలో ఇప్పుడు మన తెలుగువాళ్లవీ కనిపిస్తున్నాయి. బానెట్ ఎత్తి రోడ్డు పక్కన ఆగిన బళ్లలో కూడా.

మూడేళ్ల కిందట అలా ఆగింది నా బండి. ఎనిమిది సిలిండర్ల పికప్, వెనక 4,800 పౌన్ల ట్రైలర్. డ్యాష్‌బోర్డు మీద ట్రాన్స్‌మిషన్ ఉష్ణోగ్రత 238 చూపిస్తోంది. ఇంజిన్ ముల్లు మాత్రం రోజూ ఉండే చోటే, సరిగ్గా మధ్యలో ఉంది. ముల్లు కదల్లేదు కాబట్టి ఇంజిన్‌కి ఏమీ కాలేదని, పాడైంది గేర్‌బాక్సేనని నమ్మాను. ఒక గ్యారేజీలో బండి నడిపి చూడకుండానే గేర్‌బాక్స్ విప్పి మళ్లీ కట్టాలన్నారు. అంత ఖర్చుకి మనసొప్పక పెద్ద ఆయిల్ కూలర్ కొని గ్రిల్ వెనక బిగించాను. నెల తర్వాత అదే ఘాట్ మీద 236. అంత పనికీ తగ్గింది రెండు డిగ్రీలు. చివరికి తేలిందేమిటంటే గేర్‌బాక్స్ నిక్షేపంగా ఉంది, చెడింది దాన్ని చల్లబరచాల్సిన రేడియేటర్ వైపు.

ఆ రెండు నెలల్లో నేర్చుకున్న క్రమం ఇది. దీనంతటికీ ఆధారం ఒక్క ప్రశ్న: ముందు వేడెక్కింది ఇంజినా, గేర్‌బాక్సా? దానికి జవాబు దొరికేదాకా ఒక్క పార్టు కూడా కొనకండి.

ఉష్ణోగ్రతలన్నీ ఫారెన్‌హీట్‌లో రాస్తున్నాను, ఇక్కడి బళ్లలో, స్కానర్లలో అవే కనిపిస్తాయి కనుక. 200 అంటే సెల్సియస్‌లో 93, 220 అంటే 104, 250 అంటే 121 అని గుర్తుపెట్టుకుంటే చాలు.

రెండింటికీ రేడియేటర్ ఒక్కటే

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వేడి ఎక్కువగా పుట్టేది టార్క్ కన్వర్టర్‌లో. మాన్యువల్ బండిలో క్లచ్ ప్లేటు చేసే పని ఇక్కడ నూనె చేస్తుంది. ఇంజిన్ వైపు రెక్కలు నూనెను విసురుతాయి, ఆ నూనె తాకిడికి గేర్‌బాక్స్ వైపు రెక్కలు తిరుగుతాయి. ఈ రెండింటి వేగాల్లో తేడా ఉన్నంతసేపూ నూనె చిలకబడుతూనే ఉంటుంది, ఆ చిలకడమంతా వేడిగా మారుతుంది. బండి నిలకడగా పోతున్నప్పుడు కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ రెండు వైపుల్నీ కలిపి పట్టుకుంటుంది, చిలకడం ఆగుతుంది. బరువు లాగుతూ ఎత్తెక్కేటప్పుడు గేర్లు పదే పదే మారుతుంటే ఆ లాకప్ వదులుతుంది, పట్టుకుంటుంది, మళ్లీ వదులుతుంది. నూనె కాగడం మొదలయ్యేది అక్కడే.

కాగిన నూనె సన్నటి గొట్టంలో ముందుకొచ్చి, రేడియేటర్ పక్క ట్యాంకులో మునిగి ఉండే చిన్న కూలర్ గుండా పోతుంది. కొన్ని బళ్లలో అది కింది ట్యాంకులో ఉంటుంది, కొత్త బళ్లు కొన్నిటిలో కూలెంట్ గొట్టాలతో విడిగా ఉంటుంది. ఎక్కడున్నా దాని చుట్టూ ఉండేది ఇంజిన్ కూలెంటే, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవమే. ట్రైలర్ లాగడానికని కంపెనీ అమర్చే టో ప్యాకేజీ ఉన్న బళ్లలో చాలావాటికి అక్కణ్నుంచి నూనె గ్రిల్ వెనకున్న గాలి కూలర్‌లోకి వెళ్లి గేర్‌బాక్స్‌కి తిరిగొస్తుంది.

కూలెంటే 225 దగ్గర కాగుతుంటే అందులో మునిగిన నూనె చల్లబడే దారేది? అటు నుంచి ఇటూ అంతే. గేర్‌బాక్స్ విపరీతంగా కాగితే ఆ వేడి రేడియేటర్ నెత్తిన పడి ఇంజిన్ ఉష్ణోగ్రతా పెరుగుతుంది. చివరికొచ్చేసరికి రెండూ ఎర్రగీత దగ్గరే నిలబడి ఉంటాయి. అప్పుడు చూస్తే మొదలెక్కడో తెలియదు.

రోడ్డు మీదే వేడెక్కితే

ఇక్కడ ఒక తేడా తెలిసుండాలి. కాగింది గేర్‌బాక్స్ మాత్రమే అయి, ఇంజిన్ ఉష్ణోగ్రత అదుపులో ఉంటే, బండి పక్కకి తీసి పార్క్‌లో పెట్టి ఇంజిన్ నడుస్తూనే ఉంచండి. వెయ్యి, పన్నెండు వందల ఆర్‌పీఎం దగ్గర కొన్ని నిమిషాలు ఉంచితే నూనె కూలర్ల గుండా తిరిగి వేడి వదులుతుంది. వెంటనే ఇంజిన్ ఆపేస్తే పంపు ఆగుతుంది, కాగిన నూనె ఉన్నచోటే ఉండిపోతుంది.

కాగింది ఇంజిన్ అయితే ముందు ఏసీ ఆపి, హీటర్ గరిష్ఠంగా పెట్టండి. లోపల ఉక్కపోస్తుంది, కానీ హీటర్ కోర్ కూడా ఒక చిన్న రేడియేటరే. అయినా ముల్లు దిగకపోతే, లేదా ఆవిరి కనిపించినా కూలెంట్ కారుతున్నా, ఇంజిన్ ఆపేయండి. కూలెంట్ లేని ఇంజిన్‌ని నడపడమంటే ఇంజిన్ పై భాగాన్ని, అంటే హెడ్‌ని చేతులారా వంకరపెట్టడమే.

ఇక క్యాప్, అంటే రేడియేటర్ మూత విషయం. మన వైపు లారీవాళ్లు ఘాట్ ఎక్కాక బండి ఆపి, తడి గోనెపట్ట పట్టుకుని రేడియేటర్ మూత తిప్పి డబ్బాతో నీళ్లు పోయడం చిన్నప్పుడు చూసినవాళ్లం. చెయ్యి ఆ పనికి దానంతటదే పోతుంది. పోనివ్వకండి. సగం నీళ్లు, సగం యాంటీఫ్రీజ్ కలిపిన కూలెంట్ మామూలు గాలి ఒత్తిడిలో దాదాపు 223 డిగ్రీలకి మరుగుతుంది. 15, 16 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) క్యాప్ బిగించి ఉన్నప్పుడు అదే కూలెంట్ 265 దాకా మరగకుండా ఉంటుంది. 240 దగ్గరున్న కూలెంట్ మీద మూత తీశారంటే ఒత్తిడి పడిపోయి, లోపలున్నదంతా ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకి తంతుంది. పై హోస్‌ని గుడ్డతో పట్టుకుని నొక్కితే మెత్తగా లోపలికి పోయేదాకా ఆగండి. అరగంట పట్టినా ఆగాల్సిందే.

అంకెలు రాసుకోండి

డ్యాష్‌బోర్డులోని ఇంజిన్ ముల్లుని నమ్మడం నేను చేసిన మొదటి పొరపాటు. చాలా బళ్లలో ఆ ముల్లుని కంపెనీవాళ్లే మందకొడిగా తయారుచేస్తారు. కూలెంట్ 190 నుంచి 220 దాటేదాకా అది మధ్యలోంచి కదలదు. కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

కావలసింది ఒక ఓబీడీ స్కానర్, బండి కంప్యూటర్‌లోని అంకెలు, కోడ్లు చదివే పరికరం. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిసే చిన్నదైనా సరే. కూలెంట్ ఉష్ణోగ్రత ఏ స్కానరైనా చూపిస్తుంది. గేర్‌బాక్స్ నూనె ఉష్ణోగ్రత మాత్రం ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది, మీ బండికి అది చూపించే యాప్ చూసుకుని తీసుకోండి. దీనితోపాటు గురిపెట్టి నొక్కే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి. కూలింగ్ ప్రెషర్ టెస్టర్ కొనక్కర్లేదు, పార్టుల దుకాణాల్లో డిపాజిట్ తీసుకుని అరువిస్తారు.

ముందు ఇంటి దగ్గర స్కానర్‌తో కోడ్లు చదవండి. పీ0217 అంటే ఇంజిన్ అతిగా వేడెక్కింది, పీ0218 అంటే గేర్‌బాక్స్ నూనె వేడెక్కింది. పీ0741 వస్తే లాకప్ క్లచ్ పట్టుకోవడం లేదు. పీ0480 ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్‌ది, పీ0711 నూనె ఉష్ణోగ్రత సెన్సర్ లెక్క తప్పుతోందన్నది. ఆ చివరిది ఉంటే మీరు చూస్తున్న అంకె మీదే అనుమానం పెట్టుకోవాలి. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేయగానే కూలెంట్, నూనె రెండూ బయటి గాలితో సమానంగా చూపించాలి. ఒకటి వేరుగా ఉంటే ముందు ఆ సెన్సర్ సంగతి చూడండి.

తర్వాత ఎప్పుడూ కట్టే ట్రైలర్ కట్టి, ఎప్పుడూ ఇబ్బంది పెట్టే ఎత్తుకే వెళ్లండి. నడిపేవాళ్లు అంకెలు చూడకూడదు, పక్కనున్నవాళ్లు చదవాలి. మా ఆవిడ పిల్లల నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసింది: నిమిషం, కూలెంట్, గేర్‌బాక్స్. ఆ పేజీ ఇప్పటికీ బండి గ్లవ్‌బాక్స్‌లో ఉంది. ఎత్తు మొదలైనప్పుడు కూలెంట్ 201, గేర్‌బాక్స్ 193. నాలుగో నిమిషానికి 214, 198. ఏడో నిమిషానికి 224, 213. పదో నిమిషానికి 229, 231.

నాలుగో నిమిషం వరస చూడండి. కూలెంట్ పదమూడు డిగ్రీలు ఎగబాకింది, నూనె ఇంకా అయిదే కదిలింది. పదో నిమిషం ఒక్కటే చూసుంటే మళ్లీ గేర్‌బాక్సే తప్పు అనుకునేవాణ్ని.

ఇక ఏ అంకెకి భయపడాలి? గేర్‌బాక్స్ నూనె మామూలుగా 170, 200 మధ్య ఉంటుంది. బరువుతో ఘాట్ మీద 220 దాకా వెళ్తే కంగారక్కర్లేదు. 240 దాటితే వేగం తగ్గించాలి, 250 దాటి అక్కడే నిలిస్తే ఆగాలి. 275 పైన రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, క్లచ్ ప్లేట్ల మీది పొర మాడుతుంది. 175 పైన ప్రతి 20 డిగ్రీలకీ నూనె ఆయుష్షు సగమవుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు పాతకాలం నుంచీ వేసే ఒక మోటు లెక్క. కొత్త గేర్‌బాక్సులు కొన్ని కావాలనే 200 పైన నడిచేలా థర్మోస్టాట్‌తో (వేడిని బట్టి తెరుచుకునే వాల్వ్) వస్తున్నాయి కాబట్టి మాన్యువల్ కూడా చూసుకోండి. కూలెంట్‌కైతే థర్మోస్టాట్ సాధారణంగా 195 దగ్గర తెరుచుకుంటుంది, బరువుతో 215 దాకా సహజం, 225 దాటితే కారణం వెతకాలి.

ఆ పేజీ ఏం చెబుతుంది

కూలెంట్ ముందు పెరిగి నూనె వెనక వస్తే రేడియేటర్ వైపు వెళ్లండి. కూలెంట్ 205 దగ్గర నిలకడగా ఉండి నూనె ఒక్కటే ఎగబాకితే గేర్‌బాక్స్ వైపు.

రేడియేటర్ వైపే అయితే ఏ వేగంలో వేడెక్కుతోందో చూడండి. నిదానంగా ఎత్తెక్కేటప్పుడు, ట్రాఫిక్‌లో కాగి, చదును రోడ్డు మీద 60 మైళ్ల వేగంలో దిగిపోతోందా? ఫ్యాన్‌ని అనుమానించండి, వేగంగా పోయేటప్పుడు గాలి దానంతటదే వస్తుంది కదా. నిలబడినప్పుడు బాగానే ఉండి, వేగం మీద బరువు లాగేటప్పుడు కాగితే కూలెంట్ పారడంలో లోపం: పూడిన ట్యూబులు, సగమే తెరుచుకునే థర్మోస్టాట్, అరిగిన వాటర్ పంపు రెక్కలు, లేదా పంపు పీల్పుకి నొక్కుకుపోయే కింది హోస్.

ఎత్తు ఎక్కి ఆపగానే రెండు నిమిషాలు ఉష్ణోగ్రత ఇంకాస్త పెరగడం మాత్రం సహజమే. లోహంలో నిలవున్న వేడి బయటికొస్తుంది, అంతే.

రేడియేటర్ వైపు వెతకడం

చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టండి. మూత తీసి చూస్తే కూలెంట్ మెడదాకా ఉండాలి. పక్కనున్న రిజర్వాయర్‌లో ఉంది కదా అని రేడియేటర్‌లోనూ ఉందనుకోకండి. క్యాప్ పాడైతే చల్లబడేటప్పుడు వెనక్కి పీల్చుకోదు, రిజర్వాయర్ నిండుగానే ఉంటుంది, రేడియేటర్ ఖాళీ అవుతుంటుంది. క్యాప్‌ని టెస్టర్‌కి బిగించి దాని మీద రాసిన పీఎస్ఐ దాకా పంపు కొట్టండి, నిలబడాలి. తర్వాత రేడియేటర్‌కీ అదే ఒత్తిడి పెట్టి పావుగంట వదలండి. ముల్లు దిగితే ఎక్కడో కారుతున్నట్టే.

కొండల మీద క్యాప్ ఎందుకంత ముఖ్యమో ఒక మాట. ఫ్లాగ్‌స్టాఫ్ ఎత్తులో మామూలు నీళ్లు 199 డిగ్రీలకే మరుగుతాయి. అక్కడ అన్నం ఉడకడానికి ఎక్కువసేపు పట్టేది అందుకే. ఫీనిక్స్‌లో ఎలాగో నెట్టుకొచ్చిన బలహీనమైన క్యాప్ అక్కడ చేతులెత్తేస్తుంది.

కూలెంట్ రంగు కన్నా పాళ్లు చూడండి. చిన్న రిఫ్రాక్టోమీటర్‌తో చుక్క వేసి చూస్తే యాంటీఫ్రీజ్ ఎంత శాతమో తెలుస్తుంది. ఎక్కువ పోస్తే మంచిదని 70 శాతం దాకా పోసేవాళ్లున్నారు. యాంటీఫ్రీజ్ పెరిగేకొద్దీ వేడిని మోసే శక్తి తగ్గుతుంది, సగం సగమే మేలు. కలిపే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కావాలి. ఫీనిక్స్ కొళాయి నీళ్లు ఎంత కఠినమైనవో మన ఇళ్లలో కుళాయిల చుట్టూ పట్టే తెల్లటి చార చూస్తే తెలుస్తుంది. అదే చార రేడియేటర్ ట్యూబుల లోపలా పడుతుంది.

ఇప్పుడు గాలి దారి. దీని మీద తొందరపడకండి, నా బండి గుట్టు ఇక్కడే దొరికింది. గ్రిల్‌లోంచి టార్చి వేస్తే కనిపించేది ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ముఖం. అది శుభ్రంగా మెరుస్తోంది, నేనూ దాన్ని చూసే తృప్తిపడ్డాను. రేడియేటర్ ఉండేది దాని వెనక. రెండింటి మధ్యా వేలు పట్టేంత సందు. పై బ్రాకెట్ల బోల్టులు తీసి రేడియేటర్‌ని రెండంగుళాలు ఇంజిన్ వైపు వంచి చూస్తే, ఆ సందులో పాత పరుపులో దూదిలాగా దట్టమైన పొర. చేత్తో పట్టుకుని లాగితే గుడ్డ ముక్కలా ఒకే చెక్కగా ఊడివచ్చింది. విడదీస్తే అందులో ఎడారి దుమ్ము, దూది పింజలు, పురుగుల రెక్కలు, ప్రతి వసంతంలో వీధులన్నీ పసుపు చేసే పాలో వెర్డే చెట్ల పూరేకులు ఎండి నల్లబడినవి. కింది సగమంతా అలాగే మూసుకుపోయి ఉంది. నేను బిగించిన కొత్త ఆయిల్ కూలర్ ఆ గాలి దారికి మరో అడ్డమై, తన వేడి కూడా దాని మీదకే ఊదుతోంది.

కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి గ్రిల్ వైపుకి, తోట పైపుతో మెల్లగా. ప్రెషర్ వాషర్ పెడితే సన్నటి రెక్కలు పడుకుంటాయి, పడుకున్న రెక్కల్లోంచి గాలి పోదు. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్, బంపర్ కింది నల్లటి రబ్బరు పట్టీ ఉన్నాయో లేదో చూడండి. ఆ పట్టీ విరిగితే అందం కోసమే కదా అని తీసేస్తారు. గాలిని రేడియేటర్ వైపు మళ్లించేది అదే.

తర్వాత ఫ్యాన్. బెల్టుతో తిరిగే ఫ్యాన్ అయితే మధ్యలో సిలికాన్ నూనెతో పనిచేసే క్లచ్ ఉంటుంది. దాని ముఖం మీది చుట్ట స్ప్రింగ్ వేడి గాలికి విప్పారి క్లచ్‌ని బిగిస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, తాళం చేతిలో పెట్టుకుని, ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి. బరువుగా, ఇష్టంలేనట్టు తిరగాలి. నెట్టగానే గిర్రున నాలుగైదు చుట్లు తిరిగితే దాని పనైపోయింది. స్ప్రింగ్ చుట్టూ జిడ్డు గీతలు కనిపించినా అంతే, లోపలి నూనె కారిపోయిందన్నమాట. నాది రెండు విధాలా దొరికిపోయింది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే చెయ్యి పెట్టకండి, ఇంజిన్ ఆగి ఉన్నా అది తిరగడం మొదలుపెట్టవచ్చు. ఏసీ వేసి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసి, లేకపోతే ఫ్యూజు, రిలే, కనెక్టర్ వరసగా చూడండి.

ట్యూబులు పూడాయా అన్నది ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చెబుతుంది. వేడి ఇంజిన్ ఆపి, ఇంజిన్ వైపు నుంచి రేడియేటర్ ముఖం మీద అంగుళం అంగుళం గురిపెట్టండి. కూలెంట్ లోపలికొచ్చే వైపు నుంచి బయటికి పోయే వైపుకి వేడి కొద్దికొద్దిగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒక పట్టీ హఠాత్తుగా చల్లగా ఉంటే అక్కడి ట్యూబుల్లో కూలెంట్ పారడం లేదు. మెరిసే అల్యూమినియం మీద ఈ పరికరం తప్పు చూపిస్తుంది, అలాంటి చోట నల్ల టేపు ముక్క అతికించి దాని మీద చూడండి.

థర్మోస్టాట్ మీద అనుమానం ఉంటే కొత్తది వేయడమే తేలిక, ఖరీదు తక్కువ. గిన్నెలో నీళ్లు కాచి పరీక్షించాలనుకుంటే ఫీనిక్స్‌లో చేయండి. ఫ్లాగ్‌స్టాఫ్‌లో 199 దగ్గరే నీళ్లు మరిగిపోతాయి గనక 195 థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోవడం అక్కడ చూడలేరు. ఇవన్నీ బాగుండి కూడా కూలెంట్ తగ్గుతూ, రేడియేటర్ మెడలో బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పరీక్ష చేయించండి. ఆ పరీక్షలో వాడే నీలం ద్రవం పసుపుగా మారితే మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తున్నట్టు.

గేర్‌బాక్స్ వైపు వెతకడం

నూనెతో మొదలు. డిప్‌స్టిక్ ఉంటే, నూనె వేడిగా ఉండి ఇంజిన్ నడుస్తుండగా, చదునైన చోట, మాన్యువల్ చెప్పిన గేర్ స్థానంలో చూడాలి. డిప్‌స్టిక్ లేని బళ్లలో గేర్‌బాక్స్ అడుగున ఉండే ప్యాన్‌కి ప్లగ్ ఉంటుంది, నూనె ఫలానా ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడే దాన్ని విప్పి చూడాలి. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ఎక్కువైతే తిరిగే గేర్లకి తగిలి నురగొస్తుంది, నురగ వేడిని మోయలేదు. అందుకే ‘కాస్త ఎక్కువుంటే మంచిదే’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

తెల్లటి పేపర్ టవల్ మీద ఒక చుక్క వేయండి. పారదర్శకమైన ఎరుపు మంచిది. గోధుమ రంగు అయితే మార్చే వేళ. నల్లగా ఉండి, మాడిన వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. ఈ చివరి దశలో కొత్త నూనె పోసినా లాభం ఉండదు. ‘బండి బతికినన్నాళ్లూ మార్చక్కర్లేదు’ అన్న మాట ట్రైలర్ లాగే బండికి వర్తించదు. మాన్యువల్‌లో కఠిన వాడకం అన్న పట్టిక వెతకండి, టోయింగ్ అందులోకే వస్తుంది.

లాకప్ పరీక్షకి ఖాళీ రోడ్డు కావాలి. పై గేర్‌లో 55 మైళ్ల దగ్గర నిలకడగా పోతూ, యాక్సిలరేటర్ కదపకుండా, ఎడమ పాదంతో బ్రేకుని ముట్టీ ముట్టనట్టు తాకండి. ఆర్‌పీఎం రెండు మూడు వందలు లేచి, పాదం తీయగానే దిగితే లాకప్ పనిచేస్తోంది. అసలు చలించకపోతే లాకప్ ముందు నుంచే పట్టుకోలేదన్న అనుమానం. కన్వర్టర్ స్లిప్ చూపించే స్కానర్ ఉంటే ఈ పరీక్షే అక్కర్లేదు, లాకప్ పడ్డాక స్లిప్ సున్నాకి దగ్గరగా ఉండాలి.

కూలర్‌లో నూనె పారుతోందా? గేర్‌బాక్స్‌కి తిరిగొచ్చే గొట్టం విప్పి, గుర్తులున్న డబ్బాలో పెట్టి, ఐడిల్‌లో ఇంజిన్ వేసి ఇంకొకరిని గడియారం చూడమనండి. చాలా బళ్లలో ఒక క్వార్టు (లీటరుకి కాస్త తక్కువ) 20 నుంచి 30 సెకన్లలో నిండాలి, మీ బండి లెక్క సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. క్వార్టు నిండగానే ఆపండి, పంపుని ఎండబెట్టొద్దు. తర్వాత అంతే కొత్త నూనె పోయండి. ధార సన్నగా ఉంటే గొట్టం నొక్కుకుందా, నూనె చల్లగా ఉన్నప్పుడు కూలర్‌ని తప్పించే థర్మల్ బైపాస్ వాల్వ్ ఇరుక్కుందా చూడండి. గేర్‌బాక్స్ ఇంతకుముందు ఒకసారి విప్పి కట్టి ఉంటే పాత ప్లేట్ల పొడి కూలర్‌లో కూరుకుని ఉండవచ్చు. అలాంటి కూలర్‌ని కడగడం కన్నా మార్చడం క్షేమం.

కొత్త కూలర్ పెట్టాల్సి వస్తే నూనె ముందు రేడియేటర్‌లోకి, ఆ తర్వాత గాలి కూలర్‌లోకి, అక్కణ్నుంచి గేర్‌బాక్స్‌కి పోవాలి. కిట్‌లతో వచ్చే ప్లాస్టిక్ పుల్లల్ని కండెన్సర్ రెక్కల్లోంచి దూర్చి బిగించకండి. రోడ్డు అదురుకి అవి ఒరుసుకుని కండెన్సర్ ట్యూబుని తొలిచేస్తాయి. బ్రాకెట్ చేయించి ఫ్రేముకి బిగించండి.

గులాబీ పాలు కనిపిస్తే

డిప్‌స్టిక్ మీదో, రేడియేటర్ మూత కిందో స్ట్రాబెర్రీ పాలలాంటి చిక్కటి గులాబీ ద్రవం కనిపిస్తే ఇక బండి స్టార్ట్ చేయొద్దు. ఇంటిదాకా అని కూడా నడపొద్దు. రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంటూ నూనే కలిసిపోయాయి. క్లచ్ ప్లేట్ల మీది పొర కాగితంలాంటి పదార్థం, జిగురుతో అతికించి ఉంటుంది. కూలెంట్‌లోని గ్లైకాల్ తగిలితే ఆ జిగురు వదులుతుంది. ఎంత ఎక్కువసేపు నడిస్తే అంత లోతుకి పాకుతుంది. టో ట్రక్కు పిలిచి తీసుకెళ్లి, రేడియేటర్ మార్చి, రెండు వైపులా పూర్తిగా కడిగించాలి. అప్పటికీ గేర్‌బాక్స్ దక్కుతుందన్న హామీ లేదు. పదేళ్లు దాటిన రేడియేటర్‌తో బరువు లాగుతున్నవాళ్లకి నేను ఇచ్చే సలహా, పాడుకాకముందే కొత్తది వేయించుకోమని.

బండిలో ఏ తప్పూ దొరక్కపోతే

అప్పుడు బరువు తూచండి. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద నీళ్ల ట్యాంకు, సామాను, మనుషులతో సహా ఎక్కితే ఒక్కో యాక్సిల్ మీద ఎంత పడుతోందో కాగితం ఇస్తారు. దాన్ని బండి మాన్యువల్‌లోని మొత్తం జంట బరువు (బండి, ట్రైలర్ కలిపి) పరిమితితో పోల్చుకోండి. ట్రైలర్ ముక్కు మీద పడే బరువు ట్రైలర్ మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి.

టోయింగ్ సామర్థ్యం అని కంపెనీలు రాసే అంకెకి ఇప్పుడు వాహన ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జే2807 అనే ప్రమాణం ఉంది. దాని ఘాట్ పరీక్ష మన ఆరిజోనాలోనే, బుల్‌హెడ్ సిటీ పక్కన రూట్ 68 మీది డేవిస్ డ్యామ్ ఎత్తు ఆధారంగా పెట్టారు. 11.4 మైళ్ల ఎక్కుదల, కింద 100 డిగ్రీల ఎండ, ఏసీ పూర్తిగా వేసి, వేగం 40 మైళ్లకి తగ్గకుండా. అంటే పరిమితిలోపు బరువుతో, ఆరోగ్యంగా ఉన్న బండి ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కగలగాలి. ‘ఎండలో అన్ని బళ్లూ ఇంతే’ అని ఎవరైనా సర్దిచెబితే ఒప్పుకోకండి.

ట్రైలర్ వైపూ చూడండి. పది మైళ్లు నడిపి ఆపి, ప్రతి చక్రం హబ్ మీదా థర్మామీటర్ పెట్టండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగ్ పోతోంది. ఇంజిన్ ఇన్నాళ్లూ ఆ బ్రేకుని కూడా లాగుతోందన్నమాట.

నడిపే పద్ధతిలో రెండే మాటలు. బరువు లాగడానికని ఉండే టో/హాల్ మోడ్ వేయండి. ఎత్తు మొదలవకముందే ఒక గేరు కిందికి దించి అక్కడే ఉంచండి. ఆర్‌పీఎం 3,500 దాటి హోరు వినిపిస్తే భయపడకండి. ఆ వేగంలో వాటర్ పంపు, ఫ్యాన్, నూనె పంపు అన్నీ గట్టిగా తిరుగుతాయి, గేర్లు ఊగిసలాడవు, లాకప్ నిలబడుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో మూలుగుతూ ఎక్కే బండే ఎక్కువ కాగుతుంది.

మళ్లీ అదే ఘాట్

ఒకసారికి ఒక్కటే మార్చి, అదే బరువుతో, అదే ఎత్తు మీద, వీలైతే అలాంటి ఎండలోనే మళ్లీ అంకెలు రాయండి. నాలుగు పార్టులు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, రేపు మళ్లీ వేడెక్కితే మొదటికొస్తారు. నేను ముందు చెత్త తీసి కడిగి వెళ్లాను: పదో నిమిషానికి కూలెంట్ 219, గేర్‌బాక్స్ 221. తర్వాతి వారం కొత్త ఫ్యాన్ క్లచ్ వేశాను. ఆ రోజు బ్లాక్ కాన్యన్ సిటీ దగ్గరే 106 డిగ్రీల ఎండ. అయిదో నిమిషంలో బానెట్ కింద నుంచి లారీ హోరులాంటి శబ్దం లేచింది, పిల్లలు వెనక సీట్లోంచి ఏమైందని అడిగారు. కొత్త క్లచ్ పట్టుకుని ఫ్యాన్ తిరగడం, ఆ బండి కొన్నాక అదే మొదటిసారి విన్నాం. పదో నిమిషం గడిలో మా ఆవిడ 208, 210 అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో ‘ఫ్యాన్’ అని చేర్చింది.